చెరువు మీటరు

నెలంతా ఇండ్లిండ్లూ తిరిగి
కరెంటు మీటర్లు చూస్తా నేను.
గడపకాడ నిలబడకముందే గొడవ:
"ఈ నెల ఇంతెట్ల వచ్చిందప్పా?"

గొడవ పెట్టుకోని మీటరు ఒక్కటుండాది నాకు,
ఆదివారం పూట.
కళ్యాణదుర్గం బస్సులు మలుపు తిరిగేకాడ
చిక్కప్ప చెరువు తూము.
దాని నిలువు రాతి మీద
నేనే తెల్లరంగుతో గీసిన అంకెలు,
సున్నా నుంచి పదకొండు.
ఎనిమిది కొంచెం వంకర.
ఆ పొద్దు నిచ్చెన కదిలింది.

మూడేండ్లు సున్నాకాడ కూడా తడి లేదు.
చెరువులో చెరువు లేదు,
కంప ఉండాది.
మేక దూరితే బయటికి రాలేని కంప.
దాంట్లో పెండ్లి భోజనాల ప్లాస్టిక్ ఆకులు,
కోళ్ళ ఈకలు, ఒక ఆటో సీటు,
ఎవరిదో ఎక్స్‌రే.
ఎండకు పట్టి చూస్తే
విరిగి అతుక్కున్న ముంజేయి.

మొదటి ఆదివారం నలుగురం.
పంచరంగడి దస్తగిరి కొడవలి తెచ్చినాడు.
పూలమ్మే సుంకమ్మ గోనెసంచులు తెచ్చింది.
కాన్వెంటు సారు ఎర్రిస్వామి
మాటలు తెచ్చినాడు.
రెండో వారానికి
ఆయన అరచేతుల్లోనూ బొబ్బలు లేచినాయి,
మాటలు తగ్గినాయి.

కంప నరికితే చాలదని
ఓబుళమ్మ వచ్చి చెప్పింది.
వాళ్ళ నాయన నీరుగంటి.
ఇప్పుడు ఆ పని పేరు చెబితే
పిల్లోళ్ళు అర్థం అడుగుతారు.
"కడుపు కడిగితే అయిపోయిందా,
గొంతు చూడండ్రా" అని
వంక వెంబడి రెండు మైళ్ళు నడిపించింది.
గొంతుకడ్డం
ఒక లేఅవుటు రాళ్ళు,
ఒక కల్లం,
మా చిన్నాయన పశువుల కొట్టం.

కల్లమాయప్ప తానే తవ్వి ఇచ్చినాడు.
లేఅవుటోనికి ఆరు అర్జీలు పెట్టి
జవాబు రాక
కాలువను చుట్టు తిప్పినాం.
కొట్టం మాత్రం
పంచాయతీ కాగితం చేతిలో పెట్టుకోని
నేనే దగ్గరుండి పీకించినా.
ఆ పొద్దు నుంచీ చిన్నాయన మాట్లాడడు.
మీటరు చూడబోతే
చేతి వెండి కడియం మోచేతి దాకా నెట్టుకోని
కుక్కను విప్పుతాడు.

పోయిన పుబ్బ కార్తెలో
మాపటేల పట్టుకున్న వాన
అర్ధరాత్రైనా విడవలేదు.
ముందు వంక చప్పుడు,
తరువాత మట్టి వాసన,
ఆమైన నీళ్ళు.
ఎర్రగా, నురగతో,
పాత చెప్పులు నెత్తిన పెట్టుకోని
దోవ అడక్కుండానే వచ్చినాయి.

సెల్లు లైటు వేసి చూస్తి.
రెండు. రెండున్నర.
మూడు.
మూడుకాడనే నిలబడింది.
వంక పారుతానే ఉండాది,
అంకె ఎక్కదు.

ఓబుళమ్మ తూము రాతికి చెవి ఆనిచ్చి
కండ్లు మూసుకోని విన్నది,
చంటిబిడ్డ కడుపునొప్పి కనుక్కునేదాని మాదిరి.
"కింద కంత పడింది,
గుక్కలు గుక్కలు పోతాండాది."

"ముప్పై ఏండ్లు నీళ్ళల్లో ముంచి
గాలి కంతలు పట్టినా,
నీళ్ళకే కంత పడితే యాడ ముంచేది?"
అంటానే నడుముకు తాడు కట్టుకున్నాడు దస్తగిరి.
చంకలో జిగట మన్ను నింపిన గోనెసంచి.
సంచికి ఇంకా
కనకాంబరాలు రెండు అంటుకోని ఉన్నాయి.

తాడు ఇవతల కొస
ఎర్రిస్వామి సారు పట్టుకున్నాడు,
నేను పట్టుకున్నా.
నా వెనక ఇంకో చెయ్యి.
తాడు బిగుసుకున్నప్పుడల్లా
చల్లని వెండి ఒకటి
నా మోచేతికి తగిలింది.
నేను వెనక్కి తిరగలేదు.

ఏడు సంచులు మింగింది కంత.
తెల్లారేతలికి
మూడు మీద ఒక వేలు తడి.

మరుసటి నెల బిల్లుకు పోతే
చిన్నాయన కుక్కను విప్పనే విప్పినాడు.
నేను గోడెక్కి మీటరు చూసుకోని
కాగితం చించి కిందికి వేస్తి.
ఆయన దాన్ని ముట్టలేదు.
అటుపక్క గోడను అడిగినట్ల అడిగినాడు:
"ఎంతుండాది?"

నూటా పన్నెండు యూనిట్లు
అనబోయి ఆగి,
"నాలుగూ ముక్కాలు" అంటి.

"ఊ" అన్నాడు.
కుక్క ఇంకా మొరుగుతానే ఉండాది.